ఆటపలక మీద సముద్రం: ఫ్రెడ్ జేన్
(యుద్ధక్రీడల చరిత్ర – 5వ భాగం)

గత భాగం ప్రష్యా రాజధాని బెర్లిన్‌లో ముగిసింది. యువ ఫిరంగిదళాధికారి రైస్‌విట్జ్ తన తండ్రి మొదలుపెట్టిన పనిని పూర్తిచేసి, నిజమైన భూపటం మీద చిన్న దిమ్మెలను సైనిక దళాలుగా కదిలిస్తూ పాచికల సాయంతో నష్టాలను లెక్కగట్టే 'క్రీగ్‌స్పీల్' అనే యుద్ధక్రీడను 1824లో సైన్యం ముందు పెట్టడం, సేనాపతి మఫ్లింగ్ దాన్ని మెచ్చుకోవడం, 1827లో రైస్‌విట్జ్ తన ప్రాణం తానే తీసుకోవడం, ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు ప్రష్యా సైన్యం ఫ్రాన్స్‌ను ఓడించడంతో ఐరోపా సేనలన్నీ ఆ ఆట వైపు దృష్టి మళ్లించడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అయితే ఆ ఆటలన్నీ నేల మీద జరిగే యుద్ధానికి సంబంధించినవి. సముద్రాన్ని ఆటపలక మీదికి దించి, ఆ ఆటను సైనిక కార్యాలయాల నాలుగు గోడలు దాటించి సామాన్య పౌరుడి ఇంటి బల్ల మీదికి చేర్చిన వ్యక్తి నౌకాదళాధికారి కాడు; నెలజీతం వచ్చే ఉద్యోగం కూడా లేని ఒక పత్రికా చిత్రకారుడు. అతడి పేరు ఫ్రెడ్ టి. జేన్.

జేన్ కృషి అర్థం కావాలంటే ముందుగా ఆనాటి నౌకాదళాలను పీడించిన ఒక విచిత్రమైన అజ్ఞానాన్ని గురించి తెలుసుకోవాలి. 1805లో ట్రఫాల్గర్ వద్ద గెలిచిన తరువాత బ్రిటిష్ నౌకాదళానికి తనతో సమానమైన శత్రువుతో నడిసముద్రంలో భారీ పోరాటం జరపవలసిన అవసరం దాదాపు ఒక శతాబ్దం పాటు కలగలేదు. ఆ కాలంలోనే తెరచాపల స్థానంలో ఆవిరి యంత్రాలు, కొయ్య పలకల స్థానంలో ఉక్కు కవచాలు, గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాత ఫిరంగుల స్థానంలో వెనుక నుంచి గుండు నింపే భారీ ఫిరంగులు వచ్చాయి. నీటి అడుగున తనంతట తాను దూసుకుపోయి ఓడ పొట్టను చీల్చే టార్పెడో కూడా వాటితో పాటే వచ్చింది. ఇన్ని కొత్త ఆయుధాలు ఒకేసారి ఎదురెదురుగా నిలిస్తే ఏమి జరుగుతుందో చెప్పగలిగిన అనుభవజ్ఞుడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. 1866లో ఆస్ట్రియా, ఇటలీ నౌకలు లిస్సా దగ్గర తలపడినప్పుడు ముక్కుతో గుద్ది శత్రునౌకను ముంచడం సాధ్యమైనందున, ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు అన్ని దేశాల వారూ యుద్ధనౌకలకు ఉక్కు ముక్కులు కట్టిస్తూనే వచ్చారు. ఆ ముక్కు వల్ల బ్రిటన్‌కు కలిగిన నష్టం తన చేతులారా తెచ్చుకున్నదే: 1893లో ట్రిపోలీ తీరం దగ్గర విన్యాసాలలో 'క్యాంపర్‌డౌన్' అనే నౌక తన సొంత దళానికే చెందిన 'విక్టోరియా'ను గుద్దడంతో అడ్మిరల్ ట్రయన్‌తో సహా 358 మంది జలసమాధి అయ్యారు.

యుద్ధం లేని కాలంలో యుద్ధాన్ని గురించి తెలుసుకోవడానికి మిగిలిన మార్గాలు రెండే. మొదటిది విన్యాసాలు, అంటే నౌకాదళాన్ని రెండు పక్షాలుగా విడదీసి, నిజమైన గుండు పేల్చకుండా సముద్రంలో జరిపే ఉత్తుత్తి పోరు. బ్రిటన్‌లో ఇవి 1880ల చివరి నుంచి వేసవి వార్షికోత్సవం వంటివయ్యాయి. రెండవది ఆట. బ్రిటన్‌లో ఫిలిప్ కొలంబ్ అనే అధికారి రెండు ఓడల ద్వంద్వయుద్ధానికి ఒక ఆట తయారుచేశాడు. అమెరికాలో రోడ్ ఐలండ్ తీరాన న్యూపోర్ట్ నౌకాదళ యుద్ధ కళాశాలలో మెకార్టీ లిటిల్ అనే అధికారి 1880ల చివరి నుంచే పటాల మీద నౌకాయుద్ధాలు ఆడించడం ప్రారంభించాడు. ఇవి రెండూ వృత్తి సైనికులు వృత్తి సైనికుల కోసం చేసుకున్న ఏర్పాట్లు. బయటి ప్రపంచానికి వాటితో సంబంధం లేదు.

అదే సమయంలో బయటి ప్రపంచం నౌకాదళం గురించి తెలుసుకోవాలని తహతహలాడసాగింది. 1884లో డబ్ల్యు. టి. స్టెడ్ సంపాదకత్వంలోని 'పాల్ మాల్ గెజెట్' బ్రిటిష్ నౌకాదళం పైకి కనిపించేంత బలమైనది కాదని వరుస వ్యాసాలు ప్రచురించి దేశమంతటా కలకలం రేపింది. ఆ ఆందోళన పెరిగి పెరిగి 1889లో నౌకాదళ రక్షణ చట్టంగా రూపం దాల్చింది. బ్రిటన్ తరువాతి స్థానాల్లో నిలిచిన రెండు దేశాల నౌకాబలాలు కలిసినా బ్రిటన్ వాటికి తీసిపోకూడదన్న సూత్రాన్ని అంగీకరించి, 2 కోట్ల 15 లక్షల పౌన్ల ఖర్చుతో 70 నౌకల నిర్మాణానికి పార్లమెంటు అనుమతినిచ్చింది. పన్ను చెల్లించే పౌరుడికి తన సొమ్ముతో కట్టిన ఓడ ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక కలగడం సహజం. ఆ కోరికను తీర్చడానికి సచిత్ర వారపత్రికలు చిత్రకారులను ఓడలెక్కించి పంపసాగాయి. జేన్‌కు జీవనోపాధి దొరికింది ఇక్కడే.

జాన్ ఫ్రెడరిక్ థామస్ జేన్ 1865 ఆగస్టు 6న లండన్ సమీపంలోని రిచ్‌మండ్‌లో ఒక క్రైస్తవ మతాచార్యుడి కుమారుడిగా జన్మించి, నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో పెరిగి, ఎక్సెటర్ పాఠశాలలో చదువుకున్నాడు. 1882లో బ్రిటిష్ నౌకలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంపై ఫిరంగులు పేల్చినప్పుడు, 'కాండర్' అనే చిన్న నౌకతో కోట దరిదాపులకు వెళ్లి పోరాడిన చార్లెస్ బెరెస్‌ఫర్డ్ సాహసం ఆనాటి ఆంగ్ల బాలురందరినీ ఉర్రూతలూగించింది. పదహారేళ్ల జేన్ ఆ ఉత్సాహంలో ప్రపంచంలోని ఉక్కు కవచపు నౌకల బొమ్మలు గీసి ఒక పుస్తకంలో కూర్చడం మొదలుపెట్టాడు. చేతికి దొరికిన ప్రతి చిత్రాన్నీ, ప్రతి వార్తనూ పోల్చి, సరిచూసి, వేరువేరు దేశాల ఓడలను ఒకే క్రమంలో గీసిపెట్టిన ఆ సంపుటం మొదట్లో కుర్రవాడి సరదాగానే కనిపించినా, తరువాతి ముప్పై ఏళ్లలో అతడు చేసిన పనులన్నిటికీ మూలం అదే.

లండన్‌కు వచ్చిన జేన్ న్యాయవాదుల నివాసాలకు పేరుపడిన గ్రేస్ ఇన్ ప్రాంతంలో ఒక అటక గదిలో చేరి, బొమ్మలమ్ముకొని బ్రతికే చిత్రకారుల్లో ఒకడయ్యాడు. అతడికి మొదట 'పిక్టోరియల్ వరల్డ్', తరువాత 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' వంటి పత్రికలు పని ఇచ్చాయి. ఆ కాలపు పత్రికా చిత్రకారుడి పని ఇప్పటి ఫొటోగ్రాఫర్ పని కంటే ఎన్నో రెట్లు కష్టమైనది. విన్యాసాల సమయంలో ఓడ మీద, చాలాసార్లు అలల తాకిడికి నిలకడ లేకుండా ఊగిపోయే చిన్న టార్పెడో పడవ మీద, తడిసిన కాగితం మీద నాలుగు గీతలు గీసుకొని, తీరం చేరగానే వాటిని పూర్తి చిత్రంగా మార్చి, వారం గడువులోగా అచ్చుయంత్రానికి అందించాలి. దూరంగా పొగమంచులో కనిపించే ఓడ ఏదో పోల్చుకోలేని చిత్రకారుడు ఆ పనికి తగడు. పొగగొట్టాలు ఎన్ని, వాటి మధ్య ఎడమెంత, కూపస్తంభాలు, అంటే ఓడ మీద నిలువుగా నిలిచే పొడవాటి స్తంభాలు, ఒకటా రెండా, ఫిరంగుల గోపురాలు ఎక్కడున్నాయి అన్న మూడు నాలుగు ఆనవాళ్లతో నౌక పేరు చెప్పగల నేర్పు జేన్‌కు ఆ పడవల మీదనే అబ్బింది. అతడు యుద్ధవిలేఖరి అన్నమాట నిజమే కాని, యుద్ధం జరగని కాలంలోని యుద్ధవిలేఖరి. వర్ణించడానికి నిజమైన పోరు లేకపోవడమే అతడిని మొదట నవలల వైపు, ఆ తరువాత ఆట వైపు నడిపించిందని చెప్పవచ్చు.

నవలల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. రాబోయే మహాయుద్ధాలను ఊహించి రాసే కథలకు అప్పుడు గొప్ప గిరాకీ ఉండేది. 1893లో జార్జ్ గ్రిఫిత్ రాసిన 'ది ఏంజెల్ ఆఫ్ ది రివల్యూషన్' అనే గగనయుద్ధ కథకు బొమ్మలు గీసిన జేన్, తానూ కలం పట్టి 1895లో 'బ్లేక్ ఆఫ్ ది ర్యాటిల్‌స్నేక్' అనే నౌకాయుద్ధ నవల, 1897లో 'టు వీనస్ ఇన్ ఫైవ్ సెకండ్స్' అనే శుక్రగ్రహ యాత్ర, 1899లో 'ది వయొలెట్ ఫ్లేమ్' అనే ప్రళయ కథ రాశాడు. వీటిలో ఈనాడు కాస్తయినా చదవదగినది మొదటిదే, ఎందుకంటే టార్పెడో పడవ మీది జీవితాన్ని స్వయంగా చూసినవాడి చేతివ్రాత అందులో కనిపిస్తుంది. తక్కినవి ఆనాటి అభిరుచికి తగిన కాలక్షేపాలు.

1898 జేన్ జీవితంలో అసలైన మలుపు. ఆ ఏడాది అతడు టార్పెడో మీద ఒక గ్రంథాన్ని, ఒక నౌకాయుద్ధ క్రీడను, 'ఆల్ ది వరల్డ్స్ ఫైటింగ్ షిప్స్' అనే నౌకల సూచిక గ్రంథాన్ని వెలువరించాడు. ఈ మూడింటిలో సూచిక గ్రంథమే ప్రపంచ ప్రసిద్ధి పొందినందున, ఆటను దాని అనుబంధంగా భావించడం పరిపాటి అయింది. నిజానికి ఆ రెండూ కవలలు, ఒకదానికొకటి అవసరమైనవి. ఒక ఫలానా ఫ్రెంచి నౌక ఒక ఫలానా రష్యన్ నౌకతో పోరాడితే ఎవరు గెలుస్తారో ఆట మీద తేల్చాలంటే, ఆ ఓడల వేగం, ఫిరంగుల సంఖ్య, కవచపు మందం, అది ఓడలో ఏయే భాగాలను కప్పుతుందన్న వివరాలు అన్ని దేశాలకూ ఒకే కొలతలో ఉండాలి. ఆటకు సరిపడేలా కూర్చిన అటువంటి పట్టిక అప్పటికి లేదు. అందుకే జేన్ ఫిరంగుల ఛేదనశక్తిని ఆంగ్ల వర్ణమాలలోని పెద్ద అక్షరాలతోను, కవచాల నిరోధశక్తిని అవే చిన్న అక్షరాలతోను గుర్తించే పద్ధతి కల్పించాడు. ఏ తరగతి ఫిరంగి ఏ తరగతి కవచాన్ని చీల్చగలదో అక్షరాలు చూడగానే తెలిసిపోతుంది. ఈ అక్షరాలు గ్రంథంలో ప్రతి నౌక బొమ్మ మీదా అచ్చయ్యాయి. ఆట కోసం పుట్టిన ఒక గుర్తుల భాషను నౌకాదళాధికారులు ఏళ్ల తరబడి వృత్తి అవసరాలకు వాడుకోవడం యుద్ధక్రీడల చరిత్రలో అపూర్వమైన విషయం.

ఇక ఆట నడిచే తీరు. పెద్ద బల్ల మీద గళ్లు గీసిన పలకను పరిచి, దాని మీద చిన్న నమూనా ఓడలను నిలుపుతారు. ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క ఆటగాడు కెప్టెన్ అవుతాడు. దళమంతటికీ ఒక అడ్మిరల్ ఉంటాడు. వివాదాలు తీర్చడానికి అంపైరు ఉంటాడు. ప్రతి ఎత్తూ నిజమైన సముద్రంలో ఒక నిమిషానికి సమానం. చదరంగంలో లాగా ఒకరి తరువాత ఒకరు కాకుండా ఇరుపక్షాలూ ఒకేసారి కదలాలి, ఎందుకంటే శత్రువు ఎటు తిరుగుతాడో తెలియని స్థితిలో తన దారి తాను నిర్ణయించుకోవడమే నౌకాధిపతి అసలు పరీక్ష. ఓడ తన వేగానికి తగినన్ని గళ్లు మాత్రమే జరగగలదు. భారీ నౌక చటుక్కున మలుపు తిరగలేదు.

కాల్పుల పద్ధతిలోనే జేన్ ప్రతిభ పూర్తిగా వెల్లడైంది. ప్రతి ఓడకూ పక్క నుంచి చూసినట్లుగా గీసిన ఒక కాగితపు చిత్రం ఉంటుంది. దూరం ఎక్కువైతే చిన్న చిత్రం, తక్కువైతే పెద్ద చిత్రం వాడతారు. కాల్చదలచిన ఆటగాడు చేతిలో 'స్ట్రైకర్' పట్టుకుంటాడు. అది సన్నని పిడి గల చదునైన బద్ద. దాని కొనలో ఒక చిన్న సూది ఉంటుంది, కాని సరిగ్గా నడుమ కాదు, కొద్దిగా పక్కకు. ఆ బద్దతో చిత్రం మీద ఒక్క దెబ్బ కొట్టగానే సూది చేసిన రంధ్రమే గుండు తగిలిన చోటు. సూది నడుమ లేనందువల్ల ఎంత గురిపెట్టినా అనుకున్న చోటికి కొద్దిగా అటో ఇటో పోతుంది; పదే పదే సాధన చేసినవాడికి మాత్రం కొంత పట్టు దొరుకుతుంది. రంధ్రం పొగగొట్టం మీద పడితే ఓడ వేగం తగ్గుతుంది. ఫిరంగి గోపురం మీద పడి, కాల్చిన ఫిరంగి తరగతి ఆ కవచాన్ని చీల్చగలిగినదైతే ఆ ఫిరంగి ఇక పేలదు. నీటిలో పడితే గుండు వృథా. ప్రతి దెబ్బనూ అంపైరు ఆ ఓడ పట్టికలో గుర్తిస్తూ పోతాడు. ఒక గంట గడిచేసరికి ఆటగాడి ముందున్న కాగితం మీద అతడి ఓడ ముక్కలు ముక్కలుగా కుంటుపడుతూ కనిపిస్తుంది.

పాచికలను జేన్ ఎందుకు విడిచిపెట్టాడన్నది ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న. రైస్‌విట్జ్ దృష్టిలో వెయ్యిమంది సైనికుల తుపాకుల ఫలితం సగటు లెక్కకు లొంగుతుంది కాబట్టి పాచిక సరిపోయింది. జేన్ చూసిన నౌకాయుద్ధంలో ఒక ఫిరంగి వెనుక ఒక మనిషి కన్ను, ఒక మనిషి చెయ్యి ఉన్నాయి. తొట్రుపడే చెయ్యి సముద్రం మీద ఓడిపోయినట్లే బల్ల దగ్గరా ఓడిపోవాలన్నది అతడి పట్టుదల. ఆట వెలువడిన 1898లోనే జులై 3న క్యూబాలోని సాంటియాగో దగ్గర అమెరికా నౌకలు స్పెయిన్ దళాన్ని పూర్తిగా నాశనం చేసినా, పేల్చిన గుండ్లలో నూటికి రెండు కూడా తగలలేదని తరువాత జరిగిన లెక్కింపు తేల్చింది. గురి తప్పడమే నౌకాయుద్ధపు సహజస్థితి అని ఆ లెక్క రుజువు చేసింది. పక్కకు జరిపిన సూది చెప్పినదీ అదే. అయితే ఈ పద్ధతికి ఒక లోపం ఉన్న మాట కాదనలేనిది. పదుల ఓడలున్న దళాలు తలపడినప్పుడు ఒక్కొక్క గుండుకూ ఒక్కొక్క దెబ్బ కొట్టి, రంధ్రాలు వెతికి, పట్టికలు నింపడం వల్ల నిజమైన యుద్ధంలో గంటలో ముగిసే పోరు బల్ల మీద పలు రాత్రులు సాగేది.

పోర్ట్స్‌మౌత్ రేవులో, దాన్ని ఆనుకొని ఉన్న సౌత్‌సీలో కాపురమున్న నౌకాదళాధికారులకు జేన్ ఆట సాయంకాలపు వ్యసనంగా మారింది. జేన్ కూడా లండన్ విడిచి ఆ తీరానికే చేరి, ఓడలు వచ్చిపోయే దారి పక్కనే నివసించాడు. రేవుపట్నపు జీవితమంతా నౌకల చుట్టూనే తిరిగేది: నౌకానిర్మాణ కేంద్రంలో వేలమంది కార్మికులు, వీధుల్లో సెలవు మీద దిగిన నావికులు, ఇళ్లలో ఏళ్ల తరబడి దూరదేశాల్లో ఉన్న భర్తల కోసం ఎదురుచూసే భార్యలు. అటువంటి ఊరిలో పౌరుడూ అధికారీ ఒకే బల్ల దగ్గర కూర్చొని యుద్ధం ఆడుకోవడం, అందులో లెఫ్టినెంటు హోదా గల యువకుడు తన పైఅధికారి ఓడను ముంచగలగడం, హోదాల మెట్లు చాలా ఎత్తుగా ఉన్న ఆ సంఘంలో చిన్న విషయం కాదు. అడ్మిరల్టీ, అంటే బ్రిటిష్ నౌకాదళ ప్రధాన కార్యాలయం, మాత్రం ఈ బయటివాడిని చాలాకాలం అనుమానంతోనే చూసింది. ఆదరణ ముందుగా పరదేశం నుంచి వచ్చింది. రష్యా చక్రవర్తి రెండవ నికొలస్‌కు బావమరిదీ, తానూ నౌకల సూచిక గ్రంథం ప్రచురించినవాడూ అయిన గ్రాండ్ డ్యూక్ అలెగ్జాండర్ మిఖాయిలోవిచ్ జేన్ పనిని ప్రోత్సహించగా, జేన్ రష్యా నౌకాదళాన్ని పరిశీలించి 1899లో దాని చరిత్ర రాశాడు. 1904లో జపాన్ నౌకాదళంపై అటువంటి గ్రంథమే వెలువడింది. త్వరలోనే పరస్పరం తలపడబోయే రెండు దళాల గురించీ ఒకే రచయిత, ఇరుపక్షాల అధికారుల సహకారంతో రాయడం ఆనాటి ప్రపంచంలోనే సాధ్యమైంది.

ఆట నుంచి పత్రికా రచనకు తిరిగి దారి వేయడం జేన్‌కు ప్రత్యేకమైన నేర్పు. 1903లో జర్మనీకీ అమెరికాకూ మధ్య ఒక ఊహాయుద్ధాన్ని బల్ల మీద నడిపించి, ఆ పోరాటాల వృత్తాంతాన్ని పత్రికా పాఠకులకు నిజమైన యుద్ధవార్తల ధోరణిలోనే అందించాడు. యుద్ధం దొరకని విలేఖరి తన యుద్ధాన్ని తానే తయారుచేసుకొని దాని గురించి నివేదిక పంపిన ఈ సందర్భం అతడి మూడు వృత్తులనూ ఒకచోట చేర్చింది.

సూచిక గ్రంథానికి పోటీ లేకపోలేదు. ధనవంతుడూ, పార్లమెంటు అనుభవం గలవాడూ అయిన థామస్ బ్రాసీ 1886 నుంచి ప్రచురిస్తున్న 'నేవల్ యాన్యువల్' అప్పటికే ప్రామాణిక గ్రంథంగా స్థిరపడి ఉంది. అందులో గంభీరమైన వ్యాసాలు, గణాంకాలు ఉండేవి. జేన్ పుస్తకంలో నల్లని నీడబొమ్మలు ఉండేవి. పొగగొట్టాల సంఖ్యను బట్టీ, స్తంభాలను బట్టీ వరుసగా అమర్చిన ఆ నీడబొమ్మల సాయంతో, 'బ్రిడ్జి' అనే ఓడ నియంత్రణ వేదిక మీద నిలబడిన కాపలా అధికారి దిగంతం మీద కనిపించిన చిన్న మచ్చ ఏ దేశపు ఏ ఓడో క్షణాల్లో పోల్చుకోగలడు. చదువుకునే గదిలో బ్రాసీ, ఓడ బ్రిడ్జి మీద జేన్ గెలిచారని చెప్పడం న్యాయమైన తీర్పు.

ఆ పుస్తకపు పుటల్లోనే నౌకాచరిత్రను కదిలించిన ఒక వ్యాసం 1903లో వెలువడింది. విట్టోరియో కునిబెర్తీ అనే ఇటాలియన్ నౌకానిర్మాణ నిపుణుడు, రకరకాల ఫిరంగులను కలగలుపుగా అమర్చే పద్ధతి వదిలిపెట్టి, పన్నెండు అంగుళాల ఫిరంగులు పన్నెండింటితో, 17,000 టన్నుల బరువుతో, గంటకు 24 నాటికల్ మైళ్ల వేగంతో పోయే ఆదర్శ యుద్ధనౌకను బ్రిటన్ కోసం ప్రతిపాదించాడు. తన సొంత దేశంలో ఆ నౌకను కట్టే ఆర్థిక శక్తి లేకపోయింది. మూడేళ్లకు, 1906 ఫిబ్రవరి 10న, జేన్ నివసించే పోర్ట్స్‌మౌత్ రేవులోనే 'డ్రెడ్‌నాట్' జలప్రవేశం చేసింది. పన్నెండు అంగుళాల ఫిరంగులు పది, 21 నాటికల్ మైళ్ల వేగం. బ్రిటిష్ నౌకాదళ సారథి అడ్మిరల్ ఫిషర్ బృందం అదే దిశలో విడిగా ఆలోచిస్తున్నందున ఆ నౌక కునిబెర్తీ వ్యాసం నుంచే పుట్టిందనడం అతిశయోక్తి అవుతుంది. కాని భావి యుద్ధనౌక రూపురేఖలు ఒక రహస్య పత్రంలో కాక, ఎవరైనా కొనుక్కోగల పుస్తకంలో ముందుగా బహిరంగ చర్చకు వచ్చాయన్నది వాస్తవం. ఆ బహిరంగత జేన్ సాధించిన గొప్ప విజయం.

1904 ఫిబ్రవరిలో రష్యా-జపాన్ యుద్ధం మొదలవడంతో ఊహలకు పరీక్ష ఎదురైంది. ఓడను పోల్చుకోలేకపోవడం ఎంత ప్రమాదకరమో ఆ ఏడాది అక్టోబరులో ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ దగ్గర తేలింది: తూర్పునకు బయలుదేరిన రష్యన్ బాల్టిక్ దళం చేపలు పట్టే బ్రిటిష్ పడవలను రాత్రి చీకట్లో జపాన్ టార్పెడో పడవలుగా భ్రమించి కాల్పులు జరపగా మత్స్యకారులు మరణించారు, రెండు దేశాలూ యుద్ధం అంచుకు చేరాయి. 1905 మే 27, 28 తేదీల్లో అదే దళం త్సుషిమా జలసంధిలో జపాన్ అడ్మిరల్ టోగో చేతిలో దాదాపు పూర్తిగా నాశనమైంది. రష్యన్ నౌకల పొగగొట్టాలకు వేసిన పసుపు రంగు ఆ మసక వెలుగులో వాటిని జపాన్ ఫిరంగులకు స్పష్టంగా పట్టి ఇచ్చింది.

ఆ యుద్ధం నుంచి జేన్ తీసిన పాఠం అతడిని ఆ కాలపు మహాపండితుడితో తలపడేలా చేసింది. అమెరికన్ నౌకాధికారి ఆల్ఫ్రెడ్ మహాన్ 1890లో ప్రకటించిన గ్రంథం సముద్రాధిపత్యమే సామ్రాజ్యాల ఉత్థాన పతనాలను నిర్ణయిస్తుందని బోధించగా, జర్మనీ చక్రవర్తి నుంచి జపాన్ అధికారుల దాకా దాన్ని వేదంగా స్వీకరించారు. 1906లో వెలువడిన 'హెరెసీస్ ఆఫ్ సీ పవర్' అనే గ్రంథంలో జేన్ ఆ సిద్ధాంతాన్ని ప్రశ్నించి, ఓడలూ స్థావరాలూ కాదు, గెలవడానికి తగిన మనుషుల యోగ్యతే నిర్ణాయకమని వాదించాడు. యోగ్యత అంటే ఏమిటో ముందుగా కొలిచే సాధనం అతడు చూపలేకపోయాడు కాబట్టి ఆ వాదం వలయంలా తిరిగి మొదటికే వస్తుంది. గెలిచినవాడే యోగ్యుడని చెప్పడం తప్ప మిగిలేది కొద్ది. అయినా, స్ట్రైకర్ పట్టిన చేతి నిలకడ మీద ఆట ఫలితాన్ని నిలబెట్టిన మనిషే ఈ సిద్ధాంతాన్నీ నమ్మడంలో ఒక పొందిక ఉంది.

1906 ఎన్నికల్లో నౌకాదళ ప్రయోజనాల పేరిట పోర్ట్స్‌మౌత్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోవడం, 1909లో ఆ ఊరికి ఉపన్యాసానికి వచ్చిన సోషలిస్టు పార్లమెంటు సభ్యుడు విక్టర్ గ్రేసన్‌ను కారులో ఎత్తుకుపోయి సభకు అందకుండా చేయడం, అదే ఏడాది ప్రపంచంలోని గగననౌకలపై ఒక వార్షిక గ్రంథం ప్రారంభించడం జేన్ జీవితంలోని తక్కిన ఘట్టాలు. రెండవది పత్రికలకు వినోదం పంచినా, రాజకీయ ప్రత్యర్థి నోరు నొక్కే పని ఎవరు చేసినా గర్హనీయమే.

1914 ఆగస్టులో, నలభై తొమ్మిదేళ్ల వయస్సులో, జేన్ చివరకు నిజమైన మహాయుద్ధానికి వ్యాఖ్యాత అయ్యాడు. 'ల్యాండ్ అండ్ వాటర్' అనే వారపత్రికలో భూయుద్ధంపై హిలేర్ బెలాక్, నౌకాయుద్ధంపై జేన్ వ్యాసాలు రాసేవారు. సెప్టెంబరు 22 ఆ వ్యాఖ్యాతకు కఠినమైన రోజు. ఆ ఉదయం ఉత్తర సముద్రంలో యు-9 అనే ఒకే ఒక జర్మన్ జలాంతర్గామి 'అబుకిర్', 'హోగ్', 'క్రెస్సీ' అనే మూడు బ్రిటిష్ క్రూయిజర్లను గంటన్నర వ్యవధిలోనే ముంచివేయగా సుమారు 1,450 మంది మరణించారు. ఆ రాత్రే బంగాళాఖాతంలో 'ఎండెన్' అనే జర్మన్ క్రూయిజర్ చెన్నపట్నం తీరానికి చేరి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగులబెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే 'ఆంధ్రపత్రిక' దినపత్రికగా మారిన ఆ నగరంలో, ఐరోపా యుద్ధం అన్నది దూరదేశపు వార్త కాదని తెలుగువారికి తెలిసివచ్చినది ఆ మంటల వెలుగులోనే. భయపడి ఊరు విడిచిపోయినవారు వేలల్లో ఉన్నారు.

ఎండెన్ కథ జేన్ శాస్త్రానికి ప్రత్యక్ష నిదర్శనం. ఆ ఓడకు ఉన్నవి మూడు పొగగొట్టాలు. కెప్టెన్ ఫాన్ ముల్లర్ ఒక బూటకపు నాలుగో గొట్టం నిలబెట్టించి, దూరం నుంచి చూసేవారికి తన ఓడ బ్రిటిష్ క్రూయిజర్ 'యార్మత్' లాగా కనిపించేలా చేశాడు. అక్టోబరు 28న ఆ వేషంతోనే పెనాంగ్ రేవులోకి చొరబడి 'జెమ్‌చుగ్' అనే రష్యన్ క్రూయిజర్‌ను ముంచాడు; నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక 'సిడ్నీ' చేతిలో ఎండెన్ ఆట ముగిసింది. పొగగొట్టాలు లెక్కపెట్టి ఓడను గుర్తించే విద్య అందరికీ తెలిసినందువల్లనే ఆ మోసం పనిచేసింది. యు-9 సంగతి వేరు. నీటి అడుగున దాగిన నౌకకు నీడబొమ్మ లేదు, లెక్కపెట్టడానికి గొట్టాలు లేవు. కంటికి కనిపించే ఓడల మీద నిర్మించిన జేన్ విజ్ఞానానికి అది దాటరాని హద్దు.

1916 మార్చి 8న జేన్ సౌత్‌సీలోని తన ఇంట్లో యాభైయేళ్ల వయస్సులో మరణించాడు. అతడు జీవితమంతా ఊహించిన డ్రెడ్‌నాట్ల మహాసంగ్రామం జట్లాండ్ దగ్గర మే 31న జరిగింది. పన్నెండు వారాల తేడాతో దాన్ని చూసే అవకాశం అతడికి దక్కలేదు. ఆట క్రమంగా మూలపడింది. నిబంధనల భారం, పెరిగిన కాల్పుల దూరాలు, స్ట్రైకర్‌తో ఒక్కొక్క గుండునూ కొట్టే శ్రమ దాన్ని కొత్త తరానికి దూరం చేశాయి. పుస్తకం మాత్రం 'జేన్స్ ఫైటింగ్ షిప్స్' పేరుతో శతాబ్దం దాటినా వెలువడుతూనే ఉంది. యుద్ధక్రీడల చరిత్రలో జేన్ స్థానం ఆ పుస్తకం వల్ల కాక ఆట వల్లనే నిలుస్తుంది: ఏ నిర్ణయమైనా ప్రత్యక్షంగా కొలిచిన ఓడ వివరాల మీదనే ఆధారపడాలన్న నియమాన్ని అతడు తరువాతి ఆటల రూపకర్తలందరికీ వారసత్వంగా ఇచ్చాడు.

జేన్ నౌకలను లెక్కిస్తున్న కాలంలోనే, అదే ఇంగ్లండ్ దక్షిణ తీరాన శాండ్‌గేట్‌లో మరొక రచయిత తన పిల్లల గది నేల మీద తగరపు సైనికులను బారులు తీర్చి, స్ప్రింగుతో కొయ్య గుండ్లు విసిరే బొమ్మ ఫిరంగితో వారిని పడగొడుతున్నాడు. పాచికలు వద్దు, చేతి గురే ప్రమాణం అన్న విషయంలో ఆ ఇద్దరిదీ ఒకే మాట. యుద్ధం పట్ల వారి వైఖరి మాత్రం పూర్తిగా భిన్నం. 1913లో 'లిటిల్ వార్స్' ప్రచురించిన హెచ్. జి. వెల్స్ గురించీ, యుద్ధాన్ని ద్వేషించిన ఆ రచయిత యుద్ధక్రీడకు నిబంధనలు ఎందుకు రాశాడన్న ప్రశ్న గురించీ వచ్చే భాగం వివరిస్తుంది.